కొత్త కాస్ట్యూమ్‌ని, తోలు సామానుని ఏళ్ల తరబడి వాడినట్టు కనిపించేలా చేయడం ఎలా?

నాటకానికో, షార్ట్ ఫిల్మ్‌కో, కాస్‌ప్లేకో (నచ్చిన పాత్రలా వేషం వేసుకోవడానికో) కుట్టించిన బట్టలతో వచ్చే పెద్ద చిక్కు అవి కొత్తగా ఉండటమే. ఏళ్లుగా అడవుల్లో తిరుగుతున్న వేటగాడి చొక్కా మీద ఇస్త్రీ మడత కనిపించిందంటే నటుడు ఎంత బాగా చేసినా చూసేవాళ్లకు నమ్మకం కుదరదు. దీనికి చాలామంది చేసే పని, చొక్కా మొత్తాన్ని టీ డికాషన్‌లో ముంచి ఆరేయడం. దాంతో అది పాత చొక్కా అయిపోదు, లేత గోధుమ రంగు కొత్త చొక్కా అవుతుంది, అంతే.

నిజంగా వాడిన బట్ట ఎక్కడా ఒకేలా ఉండదు. మోచేతుల దగ్గర పల్చబడుతుంది, కాలర్ మడత దగ్గర చీకిపోతుంది, భుజాల మీద ఎండకు వెలిసిపోతుంది. అదే బట్ట జేబు మూత కింద మాత్రం కొన్న రోజు రంగులోనే ఉంటుంది. ఈ తేడాని బట్ట మీదకి తీసుకురావడమే మీరు చేయాల్సిన పని. రంగులు, పనిముట్లు ఏవి వాడినా ఫర్వాలేదు కానీ, ఈ తేడా లేకపోతే ఎంత శ్రమ పడ్డా వృథా.

మొదట పాత్ర గురించి ఆలోచించండి

ఉప్పుకాగితం చేతిలోకి తీసుకునే ముందు ఒక కాగితం మీద కొన్ని ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. ఈ మనిషి ఏ పని చేస్తాడు? కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? ఎక్కువ సేపు నిలబడతాడా, కూర్చుంటాడా, గుర్రం మీద ఉంటాడా? భుజానికి ఏమైనా తగిలించుకుంటాడా? ఈ బట్ట అతనిదేనా, ఇంకొకరి దగ్గర నుంచి వచ్చిందా? చిరిగితే కుట్టుకునే ఓపిక, కుట్టిపెట్టే మనుషులు ఉన్నారా?

జవాబులు రాసుకుంటే సగం పని అయిపోయినట్టే. కుడిచేతి వాటం వాడికి కుడి కఫ్, కుడి జేబు అంచు ముందు అరుగుతాయి. గుర్రపు రౌతుకి తొడల లోపలి వైపు, కూర్చునే చోటు నునుపుదేలతాయి. కొలిమి దగ్గర పనిచేసేవాడికి చేతుల మీద నిప్పురవ్వలు పడిన చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, కానీ తోలు ఏప్రన్ కప్పిన ఛాతీ భాగం మాత్రం శుభ్రంగానే ఉంటుంది. రాతపని చేసేవాడికి మోచేతులు, కఫ్‌ల అడుగు భాగం అరుగుతాయి, అక్కడే సిరా మరకలు కూడా పడతాయి. సైనికుడికి సంచి పట్టీ రాసుకునే భుజం ఒకటే వేరుగా కనిపిస్తుంది. ఒకప్పుడు బాగా బతికి చితికిపోయిన మనిషి కోటు చూస్తే బట్ట మంచిది, కుట్లు పాతవి, అతుకులు మాత్రం ఎంతో జాగ్రత్తగా వేసినవి అని తెలియాలి.

ఆ తర్వాత కాస్ట్యూమ్‌ని నటుడికే తొడిగించండి. చేయి మడిచి మోచేయి ఎక్కడొస్తుందో, కూర్చోబెట్టి మోకాలు ఎక్కడొస్తుందో టైలర్లు వాడే చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. బట్టని బల్ల మీద పరిచి అంచనాగా గుర్తుపెడితే అరుగుడు మచ్చలు మోకాలికి పైనో కిందో పడతాయి. ఈ ఒక్క తప్పు ఎంత బాగా చేసిన పనినైనా పాడుచేస్తుంది. చేయి చాపి ఉన్నప్పుడు మోచేయి ఉండే చోటుకీ, మడిచినప్పుడు బట్ట మీద ఒత్తిడి పడే చోటుకీ తేడా ఉంటుంది. మీకు కావాల్సింది రెండోది.

ఇంట్లో బాగా వాడిన జీన్స్ ప్యాంటో, బ్యాగో ఉంటే పక్కన పెట్టుకుని చూస్తూ పని చేయండి. ఊహ కంటే అది మంచి గురువు.

బట్ట ఏదో తెలుసుకోండి

నూలు, లినెన్, ఉన్ని, పట్టు రంగుని పీల్చుకుంటాయి. పాలిస్టర్‌కి మామూలు బట్టల రంగు గానీ టీ గానీ సరిగా పట్టదు. దానికి పెయింటే దిక్కు, లేదా పాలిస్టర్ కోసమే తయారుచేసిన రంగుని బాగా వేడి నీళ్లలో పట్టించాలి. లేబుల్ లేకపోతే లోపలి కుట్టు అంచు నుంచి చిన్న పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్లు పెట్టుకుని కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది. ఉన్ని, పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. కలనేత బట్టల్లో ఈ రెండు మూడు లక్షణాలూ కలిసి కనిపిస్తాయి.

ఏం తేలినా ముందు ఒకసారి వేడి నీళ్లలో సబ్బు వేసి ఉతకండి, ఉన్ని అయితే చల్లటి నీళ్లలో. కొత్త బట్ట మీద ఉండే గంజి, మెరుపు పూత పోకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఇస్త్రీ మాత్రం చేయకండి. తడిగా ఉన్నప్పుడే పిండి, ముద్దగా నలిపి, తాడుతో కట్టి ఆ ముద్దలాగే ఆరనివ్వండి. పాతదనానికి మొదటి మెట్టు అదే.

బట్ట కొనేటప్పుడే కొంచెం ఎక్కువ తీసుకోండి. చేయబోయే ప్రతి పనినీ ముందు ఆ ముక్క మీద చేసి చూడొచ్చు.

అరగదీయడం

ఈ పనిలో వరస ముఖ్యం: ముందు తీసేయడం, తర్వాత కలపడం. అంటే ముందు అరగదీయాలి, వెలిసేలా చేయాలి. మురికి, మరకలు ఆ తర్వాతే. ముందే మురికి పూసి తర్వాత రుద్దితే, పూసిందంతా రాలిపోయి లోపలి కొత్త పోగు తెల్లగా బయటపడుతుంది.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. 80, 120, 220 నంబర్ల ఉప్పుకాగితం, వైరు బ్రష్షు, కూరగాయలు తురిమే కోరు, కాళ్లు రుద్దుకునే ప్యూమిస్ రాయి, కుట్లు విప్పే చిన్న పరికరం ఉంటే చాలు. నంబరు పెరిగేకొద్దీ ఉప్పుకాగితం మెత్తగా ఉంటుంది. మందపాటి కాన్వాస్‌కి 80తో మొదలుపెట్టొచ్చు. పల్చటి నూలుకి 220 చాలు, 80 పెడితే రెండు నిమిషాల్లో బెజ్జం పడుతుంది.

అరుగుడు పడాల్సింది ఉబ్బుగా ఉన్న చోట్లే. కాలర్ మడత, కఫ్ అంచు, జేబు నోరు, కాజాల చుట్టూ, ప్యాంటు కింది అంచు, కుట్టు గట్ల మీద. వీటి కింద ఒక చెక్క ముక్కో గుండ్రటి కర్రో పెట్టి ఉప్పుకాగితాన్ని ఒకే వైపుకి లాగుతూ రుద్దండి. మోకాళ్లకి, మోచేతులకి మడిచిన తువ్వాలు లోపల దూర్చి ఉబ్బుగా చేసి, మధ్యలో ఎక్కువగా, చుట్టూ తగ్గించుకుంటూ పోండి. రుద్దిన చోటుకి గీత గీసినట్టు అంచు కనిపించకూడదు. రెండు మోకాళ్లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా రాకుండా చూసుకోండి. అన్నిటికంటే త్వరగా దొరికిపోయే దొంగతనం అదే.

రుద్దేటప్పుడు బట్ట దుమ్ము లేస్తుంది, మాస్క్ పెట్టుకోండి. బట్టని అప్పుడప్పుడు వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. వెలుతురు జల్లెడలా కనిపిస్తోందంటే ఆపాల్సిన సమయం వచ్చిందని అర్థం. ఇంకా ఉతుకులు, ఇంకా షోలు ఉన్నాయి, మిగతా అరుగుడు అవే చూసుకుంటాయి.

వెలిసేలా చేయడం

నూలు, లినెన్ అయితే బ్లీచ్ పనిచేస్తుంది. ఉన్ని, పట్టు, తోలు మీద బ్లీచ్ వాడకండి, అవి పాడైపోతాయి. సాగే లైక్రా కలిసిన బట్టకీ అది చేటే.

ఒక పాలు బ్లీచ్‌కి పది పాళ్ల నీళ్లతో మొదలుపెట్టి, దాచిన ముక్క మీద చూసుకోండి. స్ప్రే సీసాలో పోసి భుజాల మీద, వీపు పైభాగంలో, టోపీ నెత్తి మీద, అంటే ఎండ తగిలే చోట్ల దూరం నుంచి సన్నగా చల్లండి. తడిగా ఉన్న బట్ట మీద చల్లితే అంచులు మెత్తగా కలిసిపోతాయి. పొడి బట్ట మీద చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. నలుపు నూలు చాలాసార్లు ఇటుక రంగుకో నారింజకో తిరుగుతుంది, కంగారు పడకండి. దాని మీద తర్వాత పల్చటి బూడిద రంగు లేదా గోధుమ రంగు వేస్తే అచ్చం వెలిసిన నలుపులా ఉంటుంది. నేరుగా బూడిద రంగు బట్ట కొన్నా ఆ అందం రాదు.

కావాల్సిన రంగు రావడానికి కాస్త ముందే ఆపి, నీళ్లతో బాగా జాడించండి. నీళ్లు ఒక్కటే సరిపోవు. పోగుల్లో మిగిలిన బ్లీచ్ మెల్లగా తింటూనే ఉంటుంది, కొన్ని నెలల తర్వాత బట్ట పట్టుకుంటే చిరిగిపోతుంది. సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీళ్లలో గానీ, మందుల షాపుల్లో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని నీళ్లలో కలిపి గానీ కాసేపు నానబెట్టి, మళ్లీ ఉతకాలి. బ్లీచ్ విరుగుతుందని వెనిగర్ పోసే అలవాటు కొంతమందికి ఉంది. అది ప్రమాదం, దాని నుంచి క్లోరిన్ వాయువు వస్తుంది. అమోనియా కలిసిన క్లీనర్లతో కలిపినా విషవాయువే. గాలి ఆడే చోట, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకునే బ్లీచ్ పని చేయండి.

ఇంత తలనొప్పి ఎందుకు అనుకుంటే, ఉప్పుకాగితంతోనే చాలా వరకు లాగించొచ్చు. లేదా లేత బూడిద రంగు పెయింట్ బాగా పల్చగా చేసి భుజాల మీద స్ప్రే చేసినా దూరానికి వెలిసినట్టే ఉంటుంది.

రంగు నీళ్లలో ముంచడం

మొదట్లో టీని తిట్టాను కానీ, దాన్ని ఒక పొరగా వాడితే మంచిదే. తెల్ల బట్టలోని ఆ మిలమిల తెలుపుని చంపడానికి బాగా పనికొస్తుంది. డికాషన్ బాగా మరిగించి, వడకట్టి, తడిపిన బట్టని అందులో వేసి కలుపుతూ ఉండండి. తడి మీద రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరాక తేలిపోతుంది, అది లెక్కలో పెట్టుకోండి. టీ రంగు ఉతికేకొద్దీ కొంత పోతుంది కాబట్టి ఎక్కువ రోజులు వాడే కాస్ట్యూమ్‌కి బట్టల రంగునే పల్చగా కలిపి వాడటం మేలు. గోధుమ రంగులో కొంచెం నలుపు, చిటికెడు ఆకుపచ్చ కలిపితే మురికికి దగ్గరగా వస్తుంది. ఉత్త గోధుమ రంగు కాస్త ఎర్రగా, తియ్యగా కనిపిస్తుంది.

బట్టని సమంగా ముంచకండి. ముద్దగా నలిపి, అక్కడక్కడా రబ్బరు బ్యాండ్లు వేసి ముంచితే ముడతల్లో ఎక్కువ తక్కువలు వస్తాయి. ప్యాంటు, గౌను లాంటివి కింది అంచు దగ్గర రెండోసారి ముంచి, వేలాడదీసి ఆరబెడితే రంగు కిందికి దిగి, నేల మీద ఈడ్చుకుపోయిన బట్టలా వస్తుంది.

ఈ దశలోనే ఆకారం కూడా చెడగొట్టాలి. తడి కోటుని హ్యాంగర్‌కి తగిలించి, జేబుల్లో రాళ్లు వేసి ఆరనివ్వండి. ఆరేసరికి జేబులు సాగి వేలాడతాయి. మోకాళ్లకి, మోచేతులకి లోపల తువ్వాళ్లు కుక్కి ఆరబెడితే ఉబ్బులు నిలుస్తాయి. నటుడు ఒప్పుకుంటే, కొంచెం తేమగా ఉండగానే తొడుక్కుని కాసేపు కూర్చుని లేచి తిరగమనండి. ముడతలు పడాల్సిన చోట వాటంతటవే పడతాయి.

మురికి, చెమట, బురద

పనంతటిలోనూ సరదా ఇక్కడే, చేయి ఆగనిదీ ఇక్కడే.

ఆక్రిలిక్ పెయింట్‌లో ఫ్యాబ్రిక్ మీడియం (పెయింట్ బట్టకి పట్టేలా కలిపే ద్రవం) కలిపి, నీళ్లతో పాలలా పల్చగా చేసుకోండి. అంబర్ (umber) అనే మట్టి గోధుమ రంగులు రెండు మూడు, ఓకర్ అనే మట్టి పసుపు, నలుపు, బూడిద రంగు ఉంటే చాలు. శుద్ధ నలుపుని ఒంటరిగా వాడకండి, మసి పూసినట్టు ఉంటుంది. స్పాంజితో, పాత టూత్‌బ్రష్‌తో, స్ప్రే సీసాతో, చేత్తో, అన్నిటితో కలిపి వేయండి. ఒకే బ్రష్షుతో వేస్తే బ్రష్షు గుర్తులే కనిపిస్తాయి.

మురికి పల్లంలో నిలుస్తుంది, అరుగుడు గట్టు మీద పడుతుంది. కాబట్టి కుట్టు పక్కన, ముడతల లోపల, జేబు మూలల్లో, బొత్తాల చుట్టూ ముదురు రంగు వేసి, ఆరకముందే పొడి బట్టతో పైపైన తుడిచేయండి. లోపలిది ఉంటుంది, పైది పోతుంది. చేతులు తరచూ తగిలే చోట, అంటే జేబు నోరు, బొత్తాల పట్టీ, టోపీ అంచు, తలుపు తీసినట్టు పట్టుకునే కోటు ముందరి అంచు, జిడ్డుగా ముదురుతాయి. అక్కడ గోధుమ రంగు షూ పాలిష్‌ని వేలితో కొద్దిగా అద్ది, ఇస్త్రీ పెట్టె వెచ్చదనం తగిలిస్తే బట్టలోకి ఇంకి, సరిగ్గా చేతి జిడ్డులాగే మెరుస్తుంది.

చెమట మరకకి ఒక చిన్న కిటుకు. చంక భాగాన్ని నీళ్లతో తడిపి, తడి ముగిసే అంచు చుట్టూ మాత్రమే పల్చటి ఓకర్ రంగు తాకించండి. నీరు ఆ రంగుని లాక్కుని, బయటి అంచు ముదురుగా, లోపల లేతగా నిజమైన చెమట వలయం వచ్చేస్తుంది. ఆరాక, మొదటిదానికి కొంచెం జరిపి ఇంకొకటి వేయండి. ఒకే వలయం ఉంటే ఒకరోజు చెమట, రెండు మూడు ఉంటే నెలల చెమట. బయటి అంచున తెల్లటి బూడిద రంగు పొడి బ్రష్షుతో తాకిస్తే ఉప్పు తేలినట్టు ఉంటుంది. కాలర్ లోపలి వైపు, వీపు మీద సంచి పట్టీ కింద కూడా ఇదే పద్ధతి.

బురద కింది నుంచి పైకి చిమ్ముతుంది. పిక్కల వెనక వైపు ఎక్కువ, తొడల దాకా వచ్చేసరికి చుక్కలు మాత్రమే. పెయింట్‌లో ముల్తానీ మట్టి, కొంచెం రంపపు పొట్టు, మ్యాట్ మీడియం (పెయింట్ మెరవకుండా చేసే ద్రవం) కలిపి చిక్కటి ముద్ద చేసి, టూత్‌బ్రష్ పళ్లని బొటనవేలితో మీటుతూ చిమ్మండి. ఎండిన బురద లేతగా, మెరుపు లేకుండా ఉంటుంది. తడి బురద ముదురుగా మెరుస్తుంది. కథలో వాన ఇప్పుడే వెలిసిందా, వారం క్రితమా అన్నది దీన్ని బట్టే తెలుస్తుంది. రక్తం కూడా అంతే: పాత మరక గోధుమ రంగులో ఉంటుంది, ఎర్రగా కాదు.

దుమ్ముకి ముల్తానీ మట్టిని మించింది లేదు, సినిమా వాళ్లు ఏళ్లుగా వాడుతున్నదీ అదే. పల్చటి బట్టలో మూట కట్టి, తొడుక్కోబోయే ముందు భుజాల మీద, టోపీ మీద, బూట్ల మీద తట్టండి. ఇది నిలవదు, ప్రతిసారీ మళ్లీ కొట్టుకోవాలి. మెత్తటి పొడి కాబట్టి కొట్టేటప్పుడు నటుడు ఊపిరి బిగబట్టాలి, మీరు మాస్క్ పెట్టుకోవాలి. పెరట్లో మట్టి తెచ్చి పూయడం మాత్రం వద్దు. అందులో ఏముందో తెలియదు, చర్మానికి తగిలే బట్ట ఇది.

పెయింట్ పూర్తిగా ఆరాక, తిరగేసి, మీద ఒక బట్ట పరిచి లోపలి వైపు నుంచి ఇస్త్రీ వేడి తగిలించండి. ఫ్యాబ్రిక్ మీడియం ఆ వేడికే పట్టు పడుతుంది.

చిరుగులు, అతుకులు

కత్తెరతో కోసిన చిరుగు కత్తెర పెట్టినట్టే కనిపిస్తుంది. బట్ట ముందు అరగాలి, తర్వాత చిరగాలి. కోరుతో, ఉప్పుకాగితంతో పోగులు తేలేదాకా రుద్ది, ఒక చిన్న గాటు పెట్టి, వేళ్లతో లాగండి. నూలు బట్టలో పడుగు (నిలువు) పోగులు, పేక (అడ్డం) పోగులు వేరువేరు వేగంతో అరుగుతాయి, అందుకే నిజమైన చిరుగులో ఒక వైపు పోగులు అడ్డంగా వేలాడుతూ మిగులుతాయి. కొన్నిటిని అలాగే ఉంచండి.

చిరుగు షో షోకీ పెరగకుండా లోపలి వైపు బట్ట రంగులోనే పల్చటి వల గుడ్డ వేసి కుట్టేయండి. కుట్టు పిగిలిపోయిన చోటు చూపించాలంటే ఆ కుట్టుని విప్పితే చాలు, బట్టని చింపక్కర్లేదు.

నా మటుకు నాకు చిరుగు కంటే అతుకే బాగుంటుంది. చిరిగిన బట్ట పేదరికాన్ని మాత్రమే చెబుతుంది, అతుకు వేసిన బట్ట ఆ మనిషి గురించి చెబుతుంది. వేరే రంగు దారంతో మొరటుగా కుట్టిన అతుకు అయితే ఒంటరి మగవాడు తనే కుట్టుకున్నాడు. సన్నటి రఫూ కుట్టు అయితే ఎవరో ప్రేమగా కుట్టిపెట్టారు. బొత్తాల్లో ఒక్కటి వేరే రకంది పెట్టినా చాలు. అయితే ఆ అతుకుని కూడా కాస్త అరగదీయడం మరిచిపోకండి, లేకపోతే అది నిన్న వేసినట్టు ఉంటుంది.

తోలు సామాను

బెల్టు, సంచి, కత్తి ఒర, బూట్లు, చేతికి కట్టుకునే పట్టీలు. వీటి దగ్గర తొందరపడితే బాగుచేసుకునే వీలుండదు, కాబట్టి ముందు తోలు ఏ రకమో తేల్చుకోండి.

కనపడని చోట ఒక నీటి చుక్క వేయండి. వెంటనే పీల్చుకుని ముదురైతే అది పూత లేని, బహుశా చెట్టు బెరడు టానిన్లతో పదును చేసిన తోలు. నీటి చుక్క పైనే నిలిస్తే పూత ఉన్నట్టు, చాలా వరకు క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదును చేసింది) అయ్యుంటుంది. అంచు కోసి చూస్తే వెనక నేత బట్ట కనిపిస్తే అది రెక్సిన్.

రెక్సిన్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే చెప్పడానికి పెద్దగా లేదు. దానికి రంగు పట్టదు, ఎక్కువ రుద్దితే తెల్లటి బట్ట బయటపడి గుట్టు రట్టవుతుంది. 220 ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా మాత్రమే రుద్ది, పల్చటి ఆక్రిలిక్ ముడతల్లో పూసి తుడిచేయండి. అంతటితో వదిలేయండి.

అసలు తోలైతే ముందు పైపూత తీయాలి. బట్టకి కొంచెం అసిటోన్ తడిపి, అరుగుడు రావాల్సిన చోట్ల తుడిస్తే పూత లేచి వస్తుంది. ఇది మండే ద్రవం, కిటికీలు తెరిచి, మంటకి దూరంగా చేయండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే చేస్తూ తోలుని అటూ ఇటూ మడవండి, చుట్టండి, మెలిపెట్టండి, బల్ల అంచుకి రాస్తూ లాగండి. ఆల్కహాల్ తోలులోని నూనెని లాగేస్తుంది, అందుకే మడత పడిన చోటల్లా సన్నటి గీతలు నిలిచిపోతాయి. ఇవే తర్వాత రంగు పట్టుకునే చోట్లు.

ఇప్పుడు ఉప్పుకాగితం. అంచులు, మూలలు, బకిల్ రాసుకునే చోటు, మడత గట్లు 120తో మొదలుపెట్టి 220తో నునుపు చేయండి. క్రోమ్ తోలు లోపల నీలం కలిసిన బూడిద రంగు తేలితే గోధుమ రంగు తోలు డైతోనో పాలిష్‌తోనో దాన్ని వెచ్చబరచాలి. తోలు దుమ్ము పీల్చకూడదు, మాస్క్ తీయకండి.

ఏ వస్తువు ఎక్కడ అరుగుతుందో చూద్దాం. బెల్టులో రోజూ పెట్టే రంధ్రం ఒక్కటే సాగి కోలగా ఉంటుంది, దాని పక్కన బకిల్ ఒత్తిన అడ్డగీత ఉంటుంది, మిగతా రంధ్రాలు గుండ్రంగానే ఉంటాయి. మనిషి చిక్కాడనో ఒళ్లు చేశాడనో చెప్పాలంటే రెండు రంధ్రాలు సాగదీయండి, ఒకటి పాతగా, ఒకటి కొత్తగా. సంచికి మూత అంచు, పట్టుకునే చోటు నల్లబడతాయి. భుజం పట్టీ లోపలి వైపు ఒంటికి రాసుకుని అద్దంలా నునుపుదేలుతుంది, అక్కడ చెంచా వెనక భాగంతో గట్టిగా రుద్దితే ఆ మెరుపు వస్తుంది. కత్తి ఒరకి నోటి దగ్గర గీతలు పడతాయి, చివర దెబ్బలు ఉంటాయి. బూట్లకి వేళ్ల కీలు దగ్గర అడ్డ ముడతలు, ముందు మొన మీద గీతలు, మడమ బయటి అంచున అరుగుడు, పైభాగం అడుగుతో కలిసే కుట్టులో ఇరుక్కున్న దుమ్ము. బూటు అడుగు భాగాన్ని మాత్రం నున్నగా రుద్దకండి, నటుడు జారిపడతాడు.

రంగు సంగతి. లేత రంగు టానిన్ తోలుకి సన్నగా నూనె రాసి కొన్ని రోజులు ఎండలో పెడితే తేనె రంగుకి తిరుగుతుంది, ఇంతకంటే సహజమైన పద్ధతి లేదు. దాని మీదే ఇంకో మంచి విద్య ఉంది. స్టీల్ వూల్‌ని సబ్బుతో కడిగి నూనె పోగొట్టి, తెల్ల వెనిగర్‌లో కొన్ని రోజుల పాటు నానబెట్టండి. మూత బిగించకండి, హైడ్రోజన్ వాయువు వస్తుంది, సీసా పగులుతుంది. వడకట్టిన ఆ నీళ్లని తోలు మీద పూస్తే ఇనుము, టానిన్ కలిసి నిమిషాల్లో బూడిద రంగు నుంచి నలుపు దాకా వెళ్తుంది. ముందుగా చిక్కటి టీ డికాషన్ పూస్తే ఇంకా నల్లబడుతుంది. చివర వంట సోడా కలిపిన నీళ్లతో తుడిచి, కడిగి, ఆరబెట్టాలి. టానిన్ లేని క్రోమ్ తోలు మీద ఈ మందు పనిచేయదు.

తడిసిన తోలు ఏదైనా నీడలోనే ఆరబెట్టండి. తడి తోలుని ఓవెన్‌లోనో హీటర్ ముందో పెడితే ముడుచుకుపోయి చెక్కలా బిగుసుకుంటుంది. ఆరాక ముదురు గోధుమ రంగు షూ పాలిష్ ముడతల్లోకి బాగా పట్టించి, పైది తుడిచేయండి. చివరగా తోలు కండిషనర్ లేదా నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే, తోలుకి రాసే నూనె) పల్చగా రాయండి. ఇంతసేపూ నూనె లాగేశాం కదా, తిరిగి ఇవ్వకపోతే తోలు పగిలిపోతుంది. నూనె రాస్తే రంగు ఒక మెట్టు ముదురుతుంది, అందుకని రంగు కొంచెం లేతగా ఉన్నప్పుడే ఆపడం మంచిది.

బకిళ్లు, రివిట్లు కొత్తగా మెరుస్తుంటే ఈ శ్రమంతా దండగ. ఇత్తడి అయితే అసిటోన్‌తో లక్క పూత తుడిచి, ఉప్పు కలిపిన వెనిగర్‌లో తడిపిన కాగితంలో చుట్టి, మూసిన డబ్బాలో ఉంచితే పచ్చటి కిలుము పడుతుంది. ఇనుము కూడా ఉప్పు, వెనిగర్ తగిలి గాలికి వదిలితే తుప్పు పడుతుంది. పూత వేసిన చౌక లోహాలకు ఇవేవీ పట్టవు, నలుపు, గోధుమ పెయింట్ పూసి తుడవడమే. తుప్పు పక్క బట్టకి అంటకుండా మ్యాట్ వార్నిష్ ఒక పూత వేయండి.

ఎక్కడ ఆపాలి

చేతిలో పట్టుకుని చూస్తే ఎప్పటికీ చాలలేదనే అనిపిస్తుంది. తగిలించి, ప్రేక్షకుడు ఉండేంత దూరం వెళ్లి చూడండి. వేదిక మీద బలమైన లైట్లకి సన్నటి ఛాయలన్నీ ఎగిరిపోతాయి, అక్కడ ముదురు, లేత తేడాలు గట్టిగా ఉండాలి. క్లోజప్‌లు తీసే కెమెరాకి అదే పని నాటకంలా కనిపిస్తుంది, పల్చటి పొరలు ఎక్కువ వేయాలి. ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. మొత్తం ఒకే బూడిద రంగులా ఉందంటే ఇంకా రుద్దాల్సిన చోట్లు ఉన్నాయని అర్థం.

ఒకే కాస్ట్యూమ్‌కి రెండు మూడు ప్రతులు కావాలంటే అన్నిటినీ పక్కపక్కన పెట్టి, ప్రతి దశనీ అన్నిటి మీదా ఒకేసారి చేసుకుంటూ పోండి. రంగుల కొలతలు రాసి, ముక్క మీద పరీక్షించిన మచ్చని ఆ కాగితానికే పిన్ను పెట్టండి. మరక చోటు షాట్‌కి షాట్‌కి మారకుండా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి ఉంచుకోండి. అద్దెకు తెచ్చిన బట్టలైతే దులిపితే పోయే ముల్తానీ మట్టి తప్ప ఇంకేమీ తాకించకండి, అది కూడా ఇచ్చినవాళ్లని అడిగాకే.

పూర్తయిన కాస్ట్యూమ్‌ని మాటిమాటికీ ఉతకడం కుదరదు కాబట్టి లోపల ఒక పల్చటి బనియన్ వేయించండి. చెమట వాసన వస్తే తిరగేసి, చంకల దగ్గర నీళ్లు కలిపిన ఆల్కహాల్ సన్నగా స్ప్రే చేసి గాలికి ఆరబెట్టండి. లోపలి వైపు మాత్రమే చల్లాలి, ఆల్కహాల్ తగిలితే పెయింట్, పాలిష్ రెండూ కరిగి లేస్తాయి. హ్యాంగర్‌కి "ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు" అని పెద్ద అక్షరాలతో చీటీ కట్టండి. ప్రతి బృందంలోనూ మాసిన బట్ట కనిపిస్తే ఊరుకోలేని మంచి మనిషి ఒకరు ఉంటారు.